'ఆగు' అన్నానా, 'లాగు' అన్నానా?

ఈ వారం ఉత్తరం అమెరికాలోని అరిజోనా నుంచి వచ్చింది. రాసినావిడకు 38 ఏళ్ళు. పుట్టిల్లు పల్నాడు, మెట్టినిల్లు ఖమ్మం. పదకొండేళ్ళుగా ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో కాపురం ఉంటున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, తొమ్మిదేళ్ళ పాప ఉంది. చేత్తో ఏడు పేజీలు రాసి, ఫోటోలు తీసి పంపారు.

2020లో లాక్‌డౌన్‌తో విసిగిపోయి ఆమె భర్త ఒక పాత జీప్ రాంగ్లర్ రూబికాన్ కొన్నారట. మొదట్లో శనివారాలు పాపను, పులిహోర డబ్బాను వేసుకుని ఊరికి ఉత్తరాన ఉన్న టేబుల్ మెసా వైపు మట్టిదారుల్లో తిరిగొచ్చేవారు. మెల్లగా మట్టి పోయి రాళ్ళ మీదికి వచ్చారు. ఇద్దరూ ఒక క్లబ్బులో చేరారు, అక్కడ రాక్ క్రాలింగ్ పోటీల్లో దిగారు. 2023లో వీళ్ళకి రెండో స్థానం వచ్చింది. ఆ కప్పు ఇప్పటికీ దేవుడి గదిలో అలమరా మీద ఉందట.

ఈ ఆట తెలియనివారికి నాలుగు మాటలు. ఇది వేగం పందెం కాదు. మనిషెత్తు బండరాళ్ళ మీద, మన నడక కన్నా నిదానంగా, బండి పడిపోకుండా ఎక్కించి దించడమే ఇందులో విద్య. దారి పొడుగునా రెండేసి కోన్లు పెడతారు, వాటి మధ్య నుంచే పోవాలి. కోన్ తగిలితే పాయింట్లు పడతాయి, బండి వెనక్కి తీసినా పడతాయి. ఎవరికి తక్కువ పాయింట్లుంటే వాళ్ళదే గెలుపు. టీముకి ఇద్దరు. ఒకరు స్టీరింగ్ దగ్గరుంటారు. రెండోవారు కింద నిలబడి చేతులతో దారి చూపిస్తారు, వారిని స్పాటర్ అంటారు. ఆయన డ్రైవర్, ఈమె స్పాటర్.

పోయిన నవంబరు పోటీలో బండి కుడి ముందు చక్రం ఒక బండ మీదికి లేచింది, ఎడమ వెనక చక్రం గోతిలో ఉంది. ఈమె పిడికిలి పైకెత్తి ఆగమని అరిచారు. ఆయన ఆగలేదు, యాక్సిలరేటర్ తొక్కారు. బండి ఎడమ పక్కకి పడిపోయింది. ఆయనకి భుజం దగ్గర బెల్టు ఒత్తుకుని కమిలింది. బయటికి రాగానే నలుగురి ముందు ఆయన అన్నమాట: "నువ్వు 'లాగు' అన్నావు, అందుకే లాగాను."

"నేను 'ఆగు' అన్నాను, దేవుడి సాక్షిగా" అని ఈమె రాశారు. అప్పటినుంచి ఇంట్లో ఆ రెండు మాటల మీదే గొడవ. పక్కనుంచి ఒక స్నేహితుడు ఫోన్లో తీసిన వీడియో ఉంది. ఈమె దాన్ని నలభైసార్లు చూశారు, ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. డోర్ మీద పడ్డ సొట్ట కూడా తీయించలేదు. "నేను నడుపుతాను, నువ్వు కింద నిలబడు" అని ఈమె అంటే నవ్వి, "అది నీకెందుకులే" అన్నారు. అంతటితో ఆగలేదు, ఇరవై వేల డాలర్లు పెట్టి పోటీల కోసమే చేసిన బండి, బగ్గీ అంటారు, సెకండ్‌హ్యాండ్‌లో కొందాం, ఎప్పటికైనా కాలిఫోర్నియాలో జరిగే కింగ్ ఆఫ్ ది హ్యామర్స్ పోటీకి వెళ్దాం అంటున్నారు. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "పిల్లని పెట్టుకుని రాళ్ళ మీద ఆటలేందమ్మా" అంటున్నారు. వచ్చే పోటీ రెండు నెలల్లో ఉంది. మానేయాలా, కొనసాగాలా, లేక స్టీరింగ్ అడిగి తీసుకోవాలా? ఇదీ ఆమె ప్రశ్న.

*

అమ్మా, ముందుగా ఒక మాట. మీ ఉత్తరం అందగానే నాకు తట్టిన వాక్యం "సంసారం కూడా రాళ్ళదారే" అని. వెంటనే కొట్టేశాను. మీది రూపకం కాదు, దాదాపు రెండు టన్నుల బండి. అది పడితే మనిషి ఉండడు. కాబట్టి బండి గురించి బండి గురించిగానే మాట్లాడుకుందాం.

నాకీ ఆట గురించి తెలిసింది తక్కువే. మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు సెడోనాలో బ్రోకెన్ ఆరో దారిలో ఒకసారి జీపులో తిప్పారు. డెవిల్స్ స్టెయిర్‌కేస్ అని ఒక దిగుడుంది చూశారూ, అక్కడ నేను కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నాను. కాబట్టి మీకు లైన్లు, అంటే రాళ్ళ మీద చక్రాలు పోవాల్సిన దారి, ఎంచుకోవడం నేర్పే అర్హత నాకు లేదు. కానీ మా నాన్న ఆర్టీసీ కండక్టరు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద చాలా ఏళ్ళు తిరిగారు. డ్రైవర్‌కి కనిపించనిది కింద నిలబడి చూసి చెప్పే మనిషి అంటే ఏమిటో నాకు ఆయన వల్ల తెలుసు.

ఆర్టీసీ బస్సులో రెండే మాటలు. కదలాలంటే "రైట్". ఆగాలంటే "హోల్డాన్". ఎన్ని ఊళ్ళు, ఎన్ని యాసలు, బస్సులో ఎంత గోల ఉన్నా ఆ రెండూ ఒకదానిలా ఒకటి వినిపించవు. తాడు గంట ఉన్న బస్సుల్లోనూ అంతే, ఒక గంటకి ఆగాలి, రెండు గంటలకి కదలాలి. మలుపులో బస్సు వెనక్కి తీయాల్సి వస్తే నాన్న దిగి బండి వెనక నిలబడేవారు. "హోల్డాన్" అని వినపడ్డాక డ్రైవర్ బ్రేకు వేయకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకాపావని డిపోకి వెళ్ళాక టీ తాగుతూ పోట్లాడుకున్నారేమో గానీ, లోయ అంచున మాత్రం కాదు.

ఇప్పుడు మీ మాటలు చూడండి. ఆగు, లాగు. రెండింటికీ తేడా ఒక్క అక్షరం. ఇంజన్ అరుస్తోంది, టైరు రాయి మీద గీరుకుంటోంది, చుట్టూ జనం కేకలు, ఆయన తల మీద హెల్మెట్. మీరు 'ఆగు' అన్నారని నేను నమ్ముతున్నాను. ఆయనకి 'లాగు' అని వినపడిందనీ నమ్ముతున్నాను. ఇద్దరూ నిజం చెబుతూ కూడా ఇన్ని నెలలు పోట్లాడుకోవచ్చు. ఆ వీడియో నలభైసార్లు కాదు, నాలుగొందలసార్లు చూసినా అందులో ఇంజనే వినిపిస్తుంది. ఈ కేసుకి తీర్పు రాదు. దీన్ని కొట్టేయండి.

కానీ కొట్టేయకూడనిది ఒకటుంది. మీరు పిడికిలి ఎత్తారు. మాట ఏదైనా వినపడనీ, పిడికిలికి అర్థం ఒక్కటే. ఆయన అది చూడలేదు. ఈ ఆటలో అందరూ మొదట నేర్చుకునేది స్పాటర్ కనిపించకపోతే బండి ఆపాలని. చెవిని నమ్ముకుని తొక్కకూడదు. అంటే ఆయన తప్పు 'లాగు' అని వినడం కాదు, మీ చేతుల మీద నుంచి చూపు తిప్పుకోవడం. ఆ సమయంలో ఆయన కళ్ళు ఎక్కడున్నాయో నేను ఊహించగలను. వెనక్కి తీస్తే పాయింటు పడుతుంది. దాన్ని తప్పించుకోవాలని ముందున్న కోన్ల మీద పెట్టి ఉంటారు.

ఇక మీ ఉత్తరంలో మీరు వేరువేరు పేజీల్లో రాసిన రెండు సంగతులున్నాయి. మీరు కలిపి చూసుకున్నారో లేదో నాకు తెలియదు. "ఏడాదిగా ఆయన నా చేతులు చూడటం మానేశారు" అని రెండో పేజీలో ఉంది. "క్లబ్బులో మిగతావాళ్ళు కూడా కష్టమైన చోట నన్నే పిలుస్తారు, పోయిన ఏడాది చలికాలం నుంచి ఇంకా ఎక్కువైంది" అని అయిదో పేజీలో, ఏదో పక్కమాటలా రాశారు. ఈ రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

ఇంటి లోను, పాప బడి, ఇండియా టికెట్లు అన్నీ మీరే చూస్తారని, ఆయన "నీ ఇష్టం" అంటారని మీరే రాశారు. అలాంటి మనిషికి ఆ జీపు సీటు ఒక్కటే తన సొంత చోటు అయి ఉండొచ్చు. అక్కడ కూడా జనం "ఆవిడని పిలవండి" అంటుంటే లోపల ఏదో గుచ్చుకుని ఉంటుంది. ఇది నా ఊహే. తప్పు కూడా కావచ్చు. నిజమైనా అది ఆయన ప్రవర్తనకి కారణం మాత్రమే అవుతుంది, మీ మీద నలుగురిలో అరవడానికి హక్కు ఇవ్వదు. ఎందుకు చెబుతున్నానంటే, ఇదే కారణమైతే మీరు ఇంకా బాగా స్పాటింగ్ చేసి దీన్ని బాగుచేయలేరు. మీరు ఎంత బాగా చేస్తే అది అంత ముదురుతుంది.

ఇప్పుడు మీ తప్పుల దగ్గరికి వస్తాను, నొచ్చుకోకండి. "కంగారులో ఎడమ, ఎడమ, కాదు కాదు కుడి అని అరిచేస్తాను" అని రాశారు. ఆయనకి ఎదురుగా నిలబడితే మీ ఎడమ ఆయనకి కుడి అవుతుంది. ఇందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆ మాటలే వాడరు, డ్రైవర్ వైపు, ప్యాసింజర్ వైపు అంటారు. ఇది మీకు తెలియదనుకోను. తెలిసీ తెలుగులోకి జారిపోతున్నారు. కంగారులో అమ్మభాషే వస్తుంది మరి. రెండోది పెద్దది. ఆ రోజు మీరు పల్లం వైపు నిలబడ్డారు. వాలు మీద బండి ఎటు పడే వీలుందో ఆ పక్కన స్పాటర్ ఉండకూడదు. బండికీ బండకీ మధ్య ఉండకూడదు, ఇరుక్కున్న బండిని లాగే వించ్ తాడు బిగిసి ఉన్నప్పుడు దాని దగ్గర ఉండకూడదు. మీరు ఆయనకి కనబడటం కోసమే అటు వెళ్ళి ఉంటారు. చూడని మనిషికి కనబడటానికి మీరు ప్రమాదంలోకి నడిచారు.

"నేను పక్కకి దూకాను" అని ఒకే ఒక్క వాక్యం రాశారు. ఏడు పేజీల్లో 'ఆగు'కి మూడు పేజీలు, దూకడానికి ఒక్క వాక్యం! ఆ కిందే, సంబంధం లేనట్టు, రాత్రిళ్ళు నిద్ర మధ్యలో చేతులు వణుకుతున్నాయని, ఆయనకి చెప్పలేదని రాశారు. సంబంధం ఉంది. అంత బరువు మీ మీద పడబోయింది. దీన్ని టెన్షన్ అని తీసిపారేయకండి. నెలలు గడిచినా వణుకు పోలేదంటే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. మీ ఫ్యామిలీ డాక్టర్‌తోనే మొదలుపెట్టండి, కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తారు. మిగతా నిర్ణయాలు ఏవైనా కానీ, ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఇక మీ ముందున్న దారులు.

మానేయడం ఒక దారి. సిగ్గుపడాల్సింది కాదు. వణికే చేతులతో స్పాటింగ్ చేయకపోవడం పిరికితనమూ కాదు. కానీ మీరే ఒకచోట రాశారు, "వారంలో మేమిద్దరం నిజంగా మాట్లాడుకునేది ఆ శనివారమే" అని. మానేస్తే ఆ శనివారం ఏమవుతుంది? ఆయన మానరు, ఇంకో స్పాటర్‌ని వెతుక్కుంటారు. మీరు ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడతారు. పైగా ఆ రోజు ఏం జరిగిందన్న ప్రశ్నకి జవాబు లేకుండానే మీరు తప్పుకున్నట్టవుతుంది. 'లాగు' అన్నది మీరేనన్న మాట క్లబ్బులో అలాగే నిలబడిపోతుంది. అది మీకు ఫరవాలేదనిపిస్తే నిక్షేపంగా మానేయండి. మీ ఉత్తరం చదివితే మాత్రం ఫరవాలేదని నాకనిపించలేదు.

ఇదే జోడీగా, ఇవే సీట్లలో కొనసాగడం రెండోది. కొనసాగితే బండి స్టార్ట్ చేయకముందే కొన్ని ఒప్పందాలు జరగాలి, ఇంట్లో, కాగితం మీద. పిడికిలి లేస్తే బండి ఆగుతుంది, ఎందుకని అడగకూడదు. మీరు కనిపించకపోయినా ఆగుతుంది. నోటిమాట కావాలంటే 'ఆగు' వద్దు. మా నాన్న మాట అప్పిస్తాను, "హోల్డాన్" అనండి. అమెరికావాళ్ళకీ అర్థమవుతుంది, అది ఇంగ్లీషు మాటే కదా. రాళ్ళ మీదికి వెళ్ళేముందు ఇద్దరూ దారంతా నడిచి, ఏ బండ మీద ఏ చక్రమో మాట్లాడుకోవాలి. బండి అడుగున ముందు డిఫరెన్షియల్, అంటే చక్రాలకి శక్తి పంచే గేర్ల గుండు, నడిమధ్యన ఉండదు, మీ జీపులో డ్రైవర్ వైపుకి జరిగి ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు గుమ్మడికాయ అంటారట, ఆ పేరు నాకు భలే నచ్చింది. ఆ గుమ్మడికాయ ఏ రాయికి తగులుతుందో నిలబడి ఉన్నప్పుడు చూసుకోవాలి గానీ ఇంజన్ అరుస్తున్నప్పుడు వాదించుకోకూడదు.

ఆయనకీ ఒక హక్కు ఇవ్వాలి. బండి వాలు సీటులో కూర్చున్న ఒంటికి తెలిసినట్టు బయట నిలబడ్డ కంటికి తెలియదు. మీరు రమ్మన్నా, తనకి ఒరుగుతున్నట్టు అనిపిస్తే ఆయన ఆపొచ్చు. మీరు కారణం అడగకూడదు. అంటే ఆపడానికి ఇద్దరిలో ఎవరో ఒకరు చాలు, కదలడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. దీనికి ఖరీదు ఉంది, ముందే తెలుసుకోండి. ఇలా ఆడితే మీరు నెమ్మదిస్తారు. వెనక్కి తీయడాలు పెరుగుతాయి, పాయింట్లు పెరుగుతాయి. ఒక సీజనంతా కప్పు రాకపోవచ్చు. దానికి ఆయన సిద్ధమేనా అని ముందే అడగండి. సిద్ధం కాదంటే ఈ దారి మూసుకున్నట్టే. కాగితం మీద ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా పాయింటు పడేచోట మళ్ళీ తొక్కుతారు.

మూడోది మీరు అడిగి, నవ్వులపాలైన దారి. సీట్లు మార్చుకోవడం. "అది నీకెందుకులే" అన్న మాటకి నా దగ్గర జవాబుంది. ఈ ఆటకి కండబలం అక్కర్లేదు. రూబికాన్ గొప్పతనమే అది. లో రేంజ్‌లో వేస్తే నాలుగింట ఒక వంతు వేగానికి దిగిపోతుంది, ముందువీ వెనకవీ యాక్సిళ్ళు లాక్ చేసి రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేయొచ్చు, టైర్లలో గాలి పన్నెండు పదిహేను పీఎస్‌ఐకి తగ్గిస్తే రబ్బరు రాయిని పట్టుకుంటుంది. ఇంక కావాల్సింది పాదం మీద అదుపు, ఓపిక. బయట నిలబడి అయిదేళ్ళుగా లైన్లు చదువుతున్న మనిషికి సగం విద్య వచ్చేసినట్టే.

కానీ పోటీలో మొదలుపెట్టకండి. బాక్స్ కాన్యన్ లాంటి తేలిక దారిలో, కప్పులూ జనమూ లేనిచోట, ఒక ఉదయం ప్రయత్నించండి. ఆయన కింద నిలబడాలి. అప్పుడు మీకు ఒకటి అర్థమవుతుంది. బండి ముక్కు పైకి లేచినప్పుడు అద్దం నిండా ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. నేల ఎక్కడుందో తెలియదు, కింద నిలబడ్డ మనిషి చేతులు తప్ప ఆధారం లేదు. ఆ భయంలో కాలు ఒక్కోసారి తనంతట తను నొక్కేస్తుంది. ఆయనకి కూడా ఒకటి అర్థం కావచ్చు. చేయెత్తి ఆగమన్నా ఆగని బండి ముందు నిలబడటం ఎలా ఉంటుందో.

దీనికి రెండు రకాల ఫలితాలున్నాయి. మంచి జరిగితే ఇద్దరూ రెండు పనులూ తెలిసినవారవుతారు. లేదంటే మీరు ఆయన కన్నా బాగా నడుపుతున్నారని మొదటి రోజే తేలొచ్చు. నవ్వకండి, మీ అయిదో పేజీ చూసి నేను ఊహించింది నిజమైతే అది మంటలో నెయ్యి పోసినట్టే. అలా జరిగితే క్లబ్బులో చెప్పుకోవడానికి తొందరపడకండి. ఇంట్లో ఆయనే ముందు ఎత్తేదాకా ఆగండి. ఎత్తకుండా రెండు వారాలు దాటితే అప్పుడు మీరే మాట్లాడండి.

నాలుగోది, ఎవరి జోడీ వారిది. మీరు క్లబ్బులో ఇంకొకరికి స్పాటింగ్ చేయండి, ఆయన ఒక స్నేహితుణ్ణి పెట్టుకోనివ్వండి. విడిపోవడంలా వినిపిస్తుంది గానీ, చీట్లపేకలో మొగుడూపెళ్ళాం ఒక జట్టులో ఉండకూడదని మా పెద్దమ్మ అనేది, ఆవిడ కాపురం అరవై ఏళ్ళు నడిచింది. మీకు నడపడం మీద నిజంగా మనసుంటే, ఆడవాళ్ళకి మాత్రమే రెబెల్ ర్యాలీ అని ఒకటుంది. 2016 నుంచి నెవాడా, కాలిఫోర్నియా ఎడారుల్లో జరుగుతోంది. జీపీయస్ ఉండదు, కాగితం మ్యాపు, దిక్సూచి పట్టుకుని పోవాలి. రాళ్ళ ఆట కాదది, వేగం పందెం కూడా కాదు, దారి కనుక్కునే ఆట. డ్రైవర్, నావిగేటర్ ఇద్దరూ ఆడవాళ్ళే. ఖర్చు తక్కువేమీ కాదు, చాలా రోజులు ఇల్లు వదలాలి. విడి జోడీల్లో చిక్కల్లా శనివారాలు రెండుగా చీలడం. పాపని ఎవరు చూస్తారు, ఎవరి శనివారం ముందు అన్నది కొత్త గొడవవుతుంది. ఆయన దీన్ని అవమానంగా తీసుకునే అవకాశమూ ఉంది.

వీటన్నిటికీ మధ్యన ఇంకొకటి ఉంది, ఇది నాకు తోచింది. ఈ సీజనుకి పోటీ మానేసి, ఆట మానకండి. మీకు మోయాబ్ వెళ్ళాలని ఎప్పటినుంచో కోరిక అని రాశారు. యూటాలో ఆ ఊళ్ళో 1967 నుంచి ఈస్టర్ రోజుల్లో జీపులవాళ్ళంతా కలుస్తారు. అక్కడ ముఖ్యం పోటీ కాదు, గుంపులుగా దారులు తిరగడం. కోన్లు ఉండవు, పాయింట్లుండవు, వెనక్కి తీస్తే ఎవరూ లెక్కపెట్టరు. ఆయన మీ చేతుల వైపు చూడటం మానేసింది మీ మీద కోపంతోనా, కోన్ల మీద ఆశతోనా అన్నది అక్కడ తేలిపోతుంది. పాయింట్లు లేనిచోట చూస్తే చిక్కు ఆటలో ఉంది. అక్కడా చూడకపోతే చిక్కు వేరేచోట ఉంది.

బగ్గీ సంగతి త్వరగా తేల్చేస్తాను. ఇరవై వేల డాలర్లు ఇప్పుడు పెట్టొద్దు. డబ్బు పెట్టాక "ఇంత పెట్టి మానేస్తామా" అన్న మాట ఒకటి పుడుతుంది, అది మీ ఇద్దరి నోళ్ళూ మూయించేస్తుంది. పైగా ఆయన అంటున్న హ్యామర్స్ వేరే జాతి ఆట. జాన్సన్ వ్యాలీ ఎడారిలో వేగంగా పరిగెత్తాలి, మళ్ళీ రాళ్ళెక్కాలి. అందులో రెండో మనిషి చాలావరకు పక్క సీట్లో బెల్టు కట్టుకుని కూర్చుంటాడు, ఇరుక్కున్నప్పుడు దూకి వించ్ తాడు లాగుతాడు. ఆ సీటు మీకు కావాలా అని ఆయన అడిగారా? మీ ఉత్తరంలో అడిగినట్టు లేదు. ఇంకో రెండు కాగితాలు కూడా చూసుకోండి. ఒకటి బండి ఇన్సూరెన్సు. మామూలు కారు పాలసీలు చాలావరకు పోటీలో జరిగిన నష్టానికి డబ్బివ్వవు. రెండోది విల్లు. అయినవాళ్ళెవరూ దగ్గర లేని దేశంలో ఉన్నారు, ఇద్దరూ ఒకే బండి చుట్టూ ఉంటున్నారు. పాపని ఎవరు చూసుకోవాలో రాసి ఉంచడం అపశకునం కాదు.

అత్తగారి మాటకి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆమె కొడుకు. ఫోన్ ఆయనకివ్వండి.

ఇప్పుడు నేను మొదటినుంచీ దాచుకుంటూ వచ్చిన విషయం. ఉత్తరం మూడుసార్లు చదివాను, ఒకదాని కోసం వెతుకుతూ. బండి పడ్డచోట, అంతకు ఒక్క క్షణం ముందు మీరు నిలబడి ఉన్నారని మీవారికి తెలుసా? ఆయన సీటులోంచి మీ వైపు చూడటం లేదు. పడ్డాక బెల్టులో ఇరుక్కుని ఉన్నారు. బయటికి వచ్చేసరికి మీరు పక్కన నిలబడి ఉన్నారు, ఒంటి మీద గీత లేదు. వీడియో అవతలి పక్కనుంచి తీసింది, అందులో మీరు కనబడరని మీరే రాశారు. చేతుల వణుకు చెప్పలేదు. దూకిన సంగతి చెప్పానని ఎక్కడా లేదు. ఇన్ని నెలలుగా మీరిద్దరూ ఏ మాట వినపడిందన్న దాని మీదే పోట్లాడుతున్నారు. ఆ గొడవలో అసలైనది బయటికి రానేలేదు.

లేదూ, ఆయనకి తెలిసే ఉండొచ్చు. తీయించని ఆ సొట్ట, చూడని ఆ వీడియో చూస్తే నాకు ఆ అనుమానమూ వచ్చింది.

ఏ దారి ఎంచుకున్నా ముందు ఇది చెప్పండి. క్లబ్బులో కాదు, కార్లో పాప వెనక ఉన్నప్పుడు కాదు. పాప పడుకున్నాక, గరాజ్‌లో ఆ డోర్ దగ్గరికి తీసుకెళ్ళి. 'ఆగు' మాట ఎత్తకండి. ఎక్కడ నిలబడ్డారో చేత్తో చూపించండి, ఎటు దూకారో చూపించండి, చేతులు వణుకుతున్నాయని చెప్పండి. తర్వాత మీరు ఇంకేమీ మాట్లాడొద్దు. ఆయన వెంటనే ఏమీ అనకపోతే కంగారుపడకండి, రెండు రోజులు టైమివ్వండి. కోప్పడినా ఫరవాలేదు, భయపడ్డ మగవాళ్ళకి ముందు కోపమే వస్తుంది. అప్పుడు పైన రాసిన దారుల్లో ఏది బాగుంటుందో ఇద్దరూ కూర్చుని చూసుకోవచ్చు.

నవ్వేస్తే మాత్రం, "అబ్బా, ఏం కాలేదుగా" అని తేల్చేస్తే మాత్రం, రెండు నెలల తర్వాత ఆ పోటీలో ఆ బండి ముందు మీరు నిలబడొద్దు. నాకు మళ్ళీ రాయండి.